ఊపిరి పీలిస్తే వంగే చెయ్యి

నా కుడి చెయ్యి తెగిపోలేదు. భుజానికే ఉంది. గోళ్ళు పెరుగుతాయి, పండగకు గాజులు కూడా వేసుకుంటాను. 2022 చలికాలంలో ఒక సాయంత్రం, నేను లెక్కలు చెప్పే బడి నుంచి స్కూటీ మీద సింగరాయకొండ వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు. కానీ కుడి భుజం రోడ్డుకు తగిలి, తల ఎడమ వైపుకు విరుచుకుపోయింది. ఆ క్షణం నుంచి నా మెదడు చెప్పే మాట ఆ చేతికి చేరడం మానేసింది. ఇలాంటి దెబ్బే తగిలిన కుర్రవాళ్ళు మా ప్రకాశం జిల్లాలో నాకు తరచుగా ఎదురవుతున్నారు. వాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరి కంట పడుతుందనే ఇది రాస్తున్నాను.

మెడలో వెన్నుపాము నుంచి ఒక్కో చేతికి అయిదు నరాల మూలాలు బయలుదేరతాయి. కాలర్ బోన్ వెనకగా అవి ఒకదానితో ఒకటి అల్లుకుని, చంక గుండా చేతిలోకి దిగుతాయి. ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం ఒక వైపు, తల ఇంకో వైపు ఒక్కసారిగా లాగబడితే ఈ నరాలు సాగిపోవచ్చు, మధ్యలో తెగిపోవచ్చు. మరీ బలంగా లాగితే, నారుమడిలో నారు పీకినట్టు, వెన్నుపాము నుంచే ఊడి వస్తాయి. సాగిన నరం కొన్నాళ్ళకు తనంతట తానే కోలుకోవచ్చు. తెగిన నరాన్ని అతకవచ్చు. ఊడి వచ్చిన దాన్ని మళ్ళీ వెన్నుపాముకు కుట్టి పని చేయించడం కుదరదు. ఈ మూడింటిలో మనది ఏదో ముందు తేల్చుకోవాలి. అది నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట చేర్చిన ఆస్పత్రిలో విరిగిన కాలర్ బోన్‌కు ప్లేటు వేశారు. చెయ్యి కదలడం లేదేమిటని అడిగితే, నరాలు కమిలాయి, వాటంతట అవే వస్తాయి, మూడు నెలలు ఆగండి అన్నారు. ఆగమనడం పూర్తిగా తప్పు కాదని తర్వాత తెలిసింది. కమిలిన నరాల విషయంలో పెద్ద సర్జన్లు కూడా కొంతకాలం వేచి చూస్తారు. ఏ రకం గాయమో పరీక్షించకుండా ఆగమనడమే నాకు నష్టం చేసింది. నరం అందని కండరం ఊరికే కూర్చోదు. ఏడాది, ఏడాదిన్నర దాటితే అది పీచుగా మారిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి నరం తెచ్చి అతికినా అది పలకదు. అందుకే ఈ ఆపరేషన్ ఆరు నెలల లోపు అయితే మంచిది.

ఆ మూడు నెలలూ ఇంటికి చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఒకరు పుత్తూరు కట్టు అన్నారు, ఒకరు కేరళ నూనె అన్నారు, ఒకరు తాయెత్తు తెచ్చి ఎడమ చేతికి కట్టి వెళ్ళారు. వాళ్ళ ప్రేమను నేను ఏనాడూ తక్కువ చేయను. అయితే ఎముక ఎంత చక్కగా అతుక్కున్నా వెన్నుపాము నుంచి ఊడిన నరం దానితో పాటు రాదు. "చూస్తూ ఉండమ్మా, వేసవి సెలవులు అయ్యేసరికి బోర్డు మీద లెక్కలు చేస్తావు" అని ఎవరైనా అంటే, వాళ్ళు గడప దాటే వరకు నవ్వుతూ కూర్చునేదాన్ని. తర్వాత వేళ్ళ వంక చూసేదాన్ని. కదలండి అని లోపల గట్టిగా అరిచేదాన్ని. చూపుడు వేలు కూడా వినేది కాదు. అలాంటి ఓదార్పు విన్న ప్రతిసారీ నేను ఇంకో మెట్టు కిందికి దిగాను.

ఇక నొప్పి. స్పర్శే లేని చెయ్యి ఇంత నొప్పి పెడుతుందని చెబితే నమ్మేవాళ్ళు లేరు. అరచేతిలో రోజంతా మంట, ఎవరో వేళ్ళను పట్టకారుతో నలుపుతున్న బాధ, మధ్య మధ్యలో భుజం నుంచి కిందికి కొట్టే షాకు. మామూలు నొప్పి మాత్రలు దీని దరిదాపులకు కూడా వెళ్ళవు. మూలాలు ఊడిపోయినప్పుడు, చేతి నుంచి కబురు అందని వెన్నుపాములోని కణాలు తమంతట తామే నొప్పి సంకేతాలు పంపుతాయట. ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులు కొంత తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు. రాత్రుళ్ళు ఇంట్లో అందరూ పడుకున్నాక వసారాలో నడుస్తూ ఎక్కాలు చదువుకునేదాన్ని. పందొమ్మిదో ఎక్కం నుంచి కిందికి.

నా గాయానికి పేరు పెట్టింది ఒంగోలులో ఒక ఫిజియోథెరపిస్టు. చిన్న కుర్రవాడు, చదువు ముగించి ఎంతో కాలం కాలేదు. భుజం బిగుసుకుపోకుండా వ్యాయామం చేయించడానికి మావారు తీసుకెళ్ళారు. అతను చేతిని పట్టుకోకముందే నా ముఖంలోకి చూశాడు.

"మేడమ్, మీ కుడి కనురెప్ప కొంచెం వాలినట్టుంది. ముందు నుంచీ అలాగే ఉందా?"

లేదు. నిద్ర లేక అలా ఉందనుకున్నాం. అతను టార్చి వేసి చూశాడు. కుడి కంటిపాప ఎడమ దానికంటే చిన్నదిగా ఉంది. కాలర్ బోన్ పైన వేలితో తట్టి, చేతిలోకి జివ్వుమని పాకుతోందా అని అడిగాడు. ఏమీ పాకలేదు. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. కంటిపాపను, రెప్పను సరిచూసే సన్నని నరాలు చేతి నరాల్లో అన్నిటికంటే కింది మూలం పక్క నుంచే వెళతాయి. కన్ను ఇలా మారిందంటే ఆ మూలం వెన్నుపాము దగ్గరే ఊడి ఉండవచ్చు. తట్టినప్పుడు జివ్వుమనకపోవడమూ అదే చెబుతోంది. "నేను వ్యాయామం చేయిస్తాను మేడమ్. కానీ అది కీళ్ళ కోసమే. నరాల సర్జన్‌కు చూపించండి. వచ్చే నెల అని పెట్టుకోకండి, ఈ వారమే వెళ్ళండి."

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళాం. మెడకు ఎంఆర్ఐ తీశారు. సూదులతో కండరాలను, నరాలను పరీక్షించారు. సర్జన్ తెల్ల కాగితం తీసుకుని అయిదు గీతలు గీశారు. మూడింటి మీద అడ్డంగా కొట్టేశారు. మిగిలిన రెండూ మధ్యలో బాగా చెడిపోయాయని చెప్పారు. తమిళ యాసతో నెమ్మదిగా తెలుగులోనే మాట్లాడారు. వేళ్ళు, మణికట్టు తిరిగి రావు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మోచెయ్యి వంగేలా చేయడానికి ప్రయత్నిస్తాను, ఎక్కువమందికి వస్తుంది, అందరికీ రాదు. భుజం కొద్దిగా లేవవచ్చు. ఇది జరగడానికి నెలలు పడుతుంది, బలం రావడానికి రెండేళ్ళ పైనే పడుతుంది.

బయటికి వచ్చాక మావారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం ప్రమాదం జరిగాక మొదటిసారి కాళ్ళ కింద నేల తగిలింది. అప్పటి దాకా అందరూ అంతా వస్తుంది అన్నారు, లేదా దేవుడున్నాడు అన్నారు. ఏది వస్తుందో, ఏది రాదో విడదీసి చెప్పిన మొదటి మనిషి ఆయన. వేళ్ళు రావు అన్న మాట గుండెను కోసింది. కానీ దాని పక్కనే ఆయన పెట్టిన మోచెయ్యిని నేను నమ్మగలిగాను, ఎందుకంటే వేళ్ళ గురించి ఆయన అబద్ధం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే, మందుల కోసం కూర్చున్న చోట, మా తెలుగు విని ఒక అబ్బాయి దగ్గరికొచ్చాడు. నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాళెం. ఆటో నడిపేవాడట. బైకు మీద వెళుతుంటే ఇదే గాయం, ఇదే ఆపరేషన్, ఏడాదిన్నర దాటింది. "అక్కా, చూడు" అని నిటారుగా నిలబడ్డాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. పక్కన వేలాడుతున్న ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి, నెమ్మదిగా పైకి లేచి, ఛాతీ దాకా వచ్చింది. ఊపిరి వదిలితే దిగింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ లేచింది. నేను కుర్చీలోంచి లేచి ఆ కండరం మీద చెయ్యి వేశాను. వేళ్ళ కింద గట్టిగా బిగిసింది.

అది ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పక్కటెముకల మధ్య ఊపిరికి సాయపడే నరాలు ఉంటాయి. వాటిలో రెండు మూడింటిని తీసుకున్నా ఊపిరికి పెద్దగా లోటు రాదు. ఆ నరాలను ఛాతీ నుంచి వేరు చేసి, చంక దగ్గరికి తిప్పి, మోచెయ్యిని వంచే కండరానికి వెళ్ళే నరానికి అతుకుతారు. భుజం ఎగరేసే నరం నుంచి ఒక కొమ్మను తీసి భుజానికి ఇస్తారు. అతికిన చోటు నుంచి కొత్త నరం పోగులు పాత నరపు గొట్టంలోకి పెరుగుతూ వెళతాయి. వాటి వేగం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు. అవి కండరాన్ని చేరాక కూడా మెదడుకు వాటి పాత పనే తెలుసు. అందుకే ఊపిరి పీల్చమని చెబితే చెయ్యి వంగుతుంది. దగ్గినా వంగుతుంది, తుమ్మినా వంగుతుంది. ఏళ్ళ సాధనతో మెదడు కొత్త దారి నేర్చుకుంటుంది, చెయ్యి ఊపిరి నుంచి విడిపడుతుంది.

ఆపరేషన్ చాలాసేపు సాగింది. తర్వాత కొన్ని వారాలు చెయ్యిని ఛాతీకి కట్టి ఉంచారు, అతుకు లాగబడకుండా. ఛాతీ మీద గాటు, పక్కటెముకల వెంట తిమ్మిరి. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

లెక్కల టీచర్‌ను కదా, ఇంటికి వచ్చాక టేపుతో చంక నుంచి కండరం మధ్య దాకా కొలిచాను. సుమారు పది సెంటీమీటర్లు. అంటే వంద మిల్లీమీటర్లు, వంద రోజులు. అతుకు దాటడానికి ఒక నెల పడుతుందన్నారు. చేరిన తర్వాత కండరం మేలుకోవడానికి ఇంకొన్ని నెలలు. క్యాలెండర్ మీద ఆ లెక్క వేసుకున్నాక రోజులు గడపడం నాకు చేతనైంది. ఉదయం లేచి, ఇవాళ ఒక మిల్లీమీటరు అనుకునేదాన్ని. పైకి ఏమీ కనబడదు. లోపల అది పెరుగుతోందనడానికి నా దగ్గర రుజువు కూడా లేదు. కానీ ఎంత పెరగాలో తెలుసు.

ఆ నిరీక్షణలో చేయవలసిన పని చాలా ఉంది, అది ఎవరూ చూడని పని. కదలని కీళ్ళు బిగుసుకుపోతాయి. రోజుకు మూడు పూటలా ప్రతి వేలినీ, మణికట్టునూ, మోచేతినీ ఎవరో ఒకరు వంచి చాచాలి. మొదట్లో, ఆపరేషన్‌కు ముందు, అది మా బ్యారన్ సీజను, అంటే పొగాకు ఆకును కొట్టంలో వేడితో ఆరబెట్టే కాలం. మావారు పొగాకు కాల్పు చూసుకుంటూనే మధ్యలో ఇంటికి వచ్చేవారు. ఎంత కడిగినా వదలని పొగాకు జిగురుతో నల్లబడ్డ చేతులతో నా వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పేవారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ సీజను మొత్తంలో ఒక్క పూట కూడా మానలేదు. ఇవాళ నా వేళ్ళు పనిచేయకపోయినా బిగుసుకోకుండా మెత్తగా ఉన్నాయంటే అది ఆయన చలవే.

దీపావళి దాటిన తర్వాత ఒక ఉదయం అత్తయ్య పప్పుకు ఎండుమిర్చి పోపు వేస్తున్నారు. ఆ ఘాటుకు నాకు దగ్గు తెర వచ్చింది. కుడి చేతిలో ఏదో గుంజినట్టయింది. భ్రమ అనుకున్నాను. మా అమ్మాయిని పిలిచి, ఇక్కడ వేళ్ళు పెట్టమ్మా అని కండరం మీద పెట్టించి, గట్టిగా ఊపిరి పీల్చాను. అది కళ్ళు పెద్దవి చేసి, "అమ్మా, ఇక్కడ కొట్టుకుంది. మళ్ళీ పీల్చు" అంది. మళ్ళీ పీల్చాను. అత్తయ్య పొయ్యి అలాగే వదిలేసి వచ్చి తన వేళ్ళు పెట్టారు. ఆ రోజు పప్పు మాడింది, బడి బస్సు వెళ్ళిపోయింది, మా అమ్మాయిని మావారు బండి మీద దింపి వచ్చారు.

ఆ కదలిక నుంచి, బల్ల మీద పెట్టిన చెయ్యి జరగడానికి, ఆ తర్వాత బరువుకు ఎదురు లేవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు మోచెయ్యి పూర్తిగా వంగుతుంది. ముంజేతి మీద సంచి వేలాడదీసుకోగలను, నోటు పుస్తకాల కట్టను ఛాతీకి అదిమి పట్టుకోగలను. వేళ్ళు రాలేదు. అవి రావని నాకు ముందే తెలుసు.

ఎడమ చేతి సంగతి వేరుగా చెప్పాలి. మన ఇళ్ళలో ఎడమ చేత్తో చేసే పనులకూ, కుడి చేత్తో చేసే పనులకూ మధ్య ఎంత పెద్ద గోడ ఉందో కుడి చెయ్యి పోయిన వాళ్ళకు తెలుస్తుంది. రాయడం కొన్ని నెలల్లో వచ్చింది. చీర కుచ్చిళ్ళకు బట్టల క్లిప్పులు పెట్టుకోవడం వచ్చింది. చాకుతో కూర తరగడానికి రెండు చేతులూ కావాలి గానీ, కత్తిపీట ముందు కూర్చుని కాలితో తొక్కి పట్టుకుంటే ఒక్క చెయ్యి చాలు. మా అమ్మమ్మ నాటి కత్తిపీట అటక మీద నుంచి దించుకున్నాను. మా అమ్మాయి జడ మాత్రం నా వల్ల కాలేదు. ఆ పని అత్తయ్య తీసుకున్నారు. ఇవేవీ నన్ను ఏడిపించలేదు. ఎడమ చేత్తో అన్నం కలపడం ఏడిపించింది. చాలా కాలం చెంచాతోనే తిన్నాను, నలుగురిలో అయితే ఆకలి లేదనేదాన్ని.

టంగుటూరులో దగ్గరి బంధువుల పెళ్ళి. అక్షింతలు వేయడానికి వెళ్ళి ఎడమ చెయ్యి చాచాను. పక్కనున్న పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. శుభకార్యంలో ఎడమ చెయ్యా అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే అత్తయ్య నా వెనక నుంచి వచ్చారు. ఆవిడ మడి, ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఆమె ఏమంటుందో అని నేను వణికాను. "మా కోడలికి ఇప్పుడు అదే కుడి చెయ్యి. దాంతోనే వేస్తుంది" అన్నారు, మండపంలో అందరికీ వినబడేలా. వేశాను. ఆ పంక్తిలోనే, ఆవిడ పక్కన కూర్చుని, ఎడమ చేత్తో అన్నం కలుపుకుని తిన్నాను.

ఆ తర్వాత ఒక శనివారం మాలకొండ నరసింహస్వామి గుడికి వెళ్ళాం. శనివారం తప్ప మిగతా రోజుల్లో ఆ గుడి తలుపులు తెరవరు, అందుకని జనం ఎక్కువ. తీర్థం ఇచ్చే దగ్గర, ఊపిరి పీల్చి కుడి చెయ్యి లేపి, దాని మీద ఎడమ అరచెయ్యి పెట్టి పట్టాను. అర్చకస్వామి ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా తీర్థం పోశారు.

ఉద్యోగం విషయంలో కూడా నాకు తెలిసింది చెప్పాలి. సెలవు పొడిగించిన ప్రతిసారీ, ఇక స్వచ్ఛంద విరమణ తీసుకోవడం మంచిదని సలహా ఇచ్చిన వాళ్ళున్నారు. మా ఉపాధ్యాయ సంఘంలో ఒక పెద్దాయన నాకు దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 తెచ్చి ఇచ్చి, 20వ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం చదవమన్నారు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో, అవే సర్వీసు ప్రయోజనాలతో ఇంకో పని చూపించాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే, దొరికే వరకు లేదా పదవీ విరమణ వయసు వచ్చే వరకు అదనపు పోస్టులో ఉంచే వీలు కల్పించారు. ఇది ఎవరి దయా కాదు, చట్టం. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకుని, అన్ని కాగితాలూ జత చేసి బడికి వెళ్ళాను. నాకు ఇంకో పని అక్కర్లేదు, లెక్కలే చెబుతాను అన్నాను.

మొదటి వారం బోర్డు మీద నా అంకెలు వంకరగా దిగుతుంటే గొంతు పట్టేసింది. రేఖాగణితం వచ్చేసరికి స్కేలు ఎవరు పట్టుకోవాలి? నేను అడగకుండానే మొదటి బెంచీ అమ్మాయి లేచి వచ్చి స్కేలు అదిమి పట్టుకుంది. మర్నాటికి తొమ్మిదో తరగతి పిల్లలు వంతులు వేసుకున్నారు. ఇంకో సంగతి అక్కడే కనిపెట్టాను. పాఠం చెబుతున్నంతసేపు చేతి మంట నాకు గుర్తు రాదు. మనసు ఒక పనిలో పూర్తిగా మునిగితే ఈ నొప్పి తగ్గుతుందని సర్జన్ తర్వాత చెప్పారు, చాలామంది రోగులు అదే మాట అంటారట. బడి నాకు జీతం కంటే ముందు మందు అయింది.

వచ్చే వేసవి సెలవుల్లో మణికట్టుకు ఆపరేషన్ ఉంది. వాలిపోయే మణికట్టును నిటారుగా బిగిస్తారు. అప్పుడు ముంజేతితో వస్తువును ఇంకొంచెం బాగా అదిమి పట్టుకోగలుగుతాను. అంత వరకే అది ఇస్తుంది, అది నాకు తెలుసు, నాకు కావాలి.

మొన్న కొండపి వైపు నుంచి ఒక తల్లి కొడుకును తీసుకుని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదివే అబ్బాయి, చెయ్యి స్లింగులో వేలాడుతోంది, తల ఎత్తడం లేదు. ఎవరో మా సంగతి చెప్పారట. పడి నాలుగు నెలలు దాటిందంది. నేను లేచి నిలబడి ఊపిరి పీల్చి చెయ్యి వంచి చూపించాను. అతను తల ఎత్తాడు. దగ్గరికి వచ్చి కండరం పట్టుకుని చూశాడు. "వేళ్ళు కూడా వస్తాయా మేడమ్?" అని అడిగాడు. నాకు రాలేదు, నీకు ఏవి వస్తాయో సర్జన్ పరీక్షించి చెప్పాలి అన్నాను. తల్లి పండగ దాటాక వెళతామంది. వద్దమ్మా, ఆరు నెలలు నిండక ముందే చూపించాలి, ఈ వారమే వెళ్ళండి అని చెప్పి, ఫైలులో ఏ కాగితాలు పెట్టుకోవాలో ఎడమ చేత్తో రాసిచ్చాను. గురువారం వాళ్ళు పినాకిని ఎక్కారు.